తిరిగిచ్చిన దండ

మా ఉయిలానీ పెద్దమ్మకి కోపం రావడం తేలిక, పోవడం కష్టం. మా దీవిలో పాహోవా అనే ఊళ్ళో బొప్పాయిలు కడిగి పెట్టెలకెత్తే షెడ్డులో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసింది. అక్కడికి వచ్చిన మేనేజర్లందరికీ ఆవిడంటే హడలే. అలాంటి మనిషి, పెరటి వెనక అడవిలోకి అడుగుపెట్టేముందు మాత్రం చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "లోపలికి రావచ్చా?" అని అడిగేది. ఎవరిని అడుగుతోందో చూద్దామని చిన్నప్పుడు నేను ఆవిడ చంక కిందనుంచి తొంగి చూసేదాన్ని. అక్కడెవరూ ఉండేవారు కాదు. ఏడు ఓహియా చెట్లు, వాటి కింద మోకాలెత్తున పాలపలాయి, అంతే.

పాలపలాయి ఫెర్న్ జాతి మొక్క, పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకే దాని సొగసంతా. లేత పచ్చ రంగు, ముట్టుకుంటే పసిపిల్ల తలమీద నూగులా మెత్తగా ఉంటుంది. మా దీవి నాట్యం హులా ఆడేవాళ్ళ తలమీద పాలపలాయి దండ లేకపోతే మా వైపు ముసలమ్మలు ఆట చూడకుండా కబుర్లలో పడతారు.

దానికి ఎండ పడదు. అలాగని చీకటీ పడదు. ఓహియా ఆకు చిన్నది, పైనుంచి దిగే ఎండని జల్లెడ పట్టి కిందికి వదులుతుంది. ఆ మాత్రం వెలుగు చాలు దానికి. వాన రోజూ కావాలి, కానీ వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు. మా పూనా జిల్లాలో నేలంతా ఒకప్పుడు అగ్నిపర్వతంలోంచి కరిగి పారిన నల్లరాయే కాబట్టి నీళ్ళు నిలిచే ప్రసక్తే లేదు. ఆ రాతిమీద జానెడు మందాన కుళ్ళిన ఆకు ఉంటే పాలపలాయి అందులో వేళ్ళు పరుచుకుని హాయిగా బతుకుతుంది. గాలి విసురుగా తగలకూడదు. మట్టిని తొక్కకూడదు. మా అమ్మకి మేం నలుగురు పిల్లలం. మాలో ఒక్కరికీ ఇన్ని సదుపాయాలు జరగలేదని నేను పెద్దమ్మతో ఎప్పుడూ దెప్పుతుండేదాన్ని.

"నిన్ను ఎండలో పడేసినా బతుకుతావే. నీకేం, మొండిఘటానివి" అనేది పెద్దమ్మ.

కోసే పద్ధతి కూడా ఆవిడదే. ఆవిడ అమ్మమ్మ నేర్పింది. తెల్లారగానే, ఎండ ఎక్కకముందే వెళ్ళాలి. ఒక్కో దుబ్బునుంచి ఒక్కటే ఆకు, అదీ ముదిరినది, కాడ మొదలు దగ్గర పట్టుకుని కోయాలి. మధ్యలో చుట్టచుట్టుకుని ఉన్న లేత మొలకని వేలితో కూడా తాకకూడదు. మనసులో ఎవరిమీదైనా కోపం ఉంటే అసలు లోపలికి వెళ్ళకూడదు. ఒకసారి నేను మా ఆయనతో పోట్లాడి వచ్చి కోయడానికి సిద్ధమైతే, పెద్దమ్మ నా మొహం చూసి గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంటికెళ్ళి వాడితో రాజీపడి రా. లేదా వాణ్ణి కొట్టి రా. ఈ మొహంతో మాత్రం లోపలికి రాకు."

"నీకు కోపం లేని రోజుందా పెద్దమ్మా? నువ్వెలా వెళ్తావ్?"

"నా కోపం వాటికి అలవాటే."

పెద్దనాన్న మాన్యువల్ వరండాలో గాలం దారం చిక్కు తీసుకుంటూ ఇదంతా వినేవాడు. ఆయన పోర్చుగీసు వాళ్ళ మనవడు, రోడ్లపని చేసి రిటైరయ్యాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆ ఏడు చెట్ల కిందికి ఆయన ఒక్కసారైనా పిలవకుండా వెళ్ళలేదు. "నాకు పెళ్ళాం ఒక్కతే, సవతులు మాత్రం బోలెడు. పచ్చగా, మోకాలెత్తున" అని నవ్వేవాడు.

ఏటా ఈస్టర్ వెళ్ళిన వారం హిలోలో హులా పోటీలు. మా హులా గురువు నోహేయా బృందానికి తలదండలన్నీ పెద్దమ్మ పెరటి పాలపలాయితోనే కట్టేవాళ్ళం. నేను స్కూల్లో వంట చేస్తాను, అయినా ఆ వారం సెలవు పెట్టి పెద్దవాళ్ళ వరసలో ఆడతాను. ఆట అయిపోయాక అందరూ ఫొటోలు దిగుతుంటే పెద్దమ్మ మాత్రం బట్టల బుట్ట పట్టుకుని వేదిక వెనక నిలబడేది. ఒక్కొక్కరి తలమీదనుంచి దండ తీయించి బుట్టలో వేసుకునేది. ఆడిన దండ చెత్తలో పడకూడదు. ఎక్కడి ఆకు అక్కడికే వెళ్ళాలి. ఏ చెట్టు కింద కోశామో ఆ చెట్టు కిందే తిరిగి పెట్టాలి. అలా పెట్టకపోతే వచ్చే ఏడు అడిగే హక్కు పోయినట్టే. ఒకసారి ఒక పిల్ల దండతోనే ఇంటికి వెళ్ళిపోతే పెద్దమ్మ వాళ్ళ ఊరిదాకా వెళ్ళి తలుపు తట్టి తెచ్చుకుంది. ఆ పిల్ల తల్లి ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

ఇక జరిగిన సంగతి చెబుతాను.

ఆ ఏడు నోహేయా ఎంచుకున్న ఆటకి ఎర్రటి లెహువా పువ్వు కావాలి. లెహువా అంటే ఓహియా చెట్టు పువ్వే. కానీ ఆ ఏప్రిల్లో పెద్దమ్మ చెట్లు సరిగ్గా పూయలేదు. దిగువన సముద్రం వైపు ఉండే మా బంధువు ఎజ్రా, తన దగ్గర చెట్టు విరగబూసింది, వచ్చి కోసుకోండి అన్నాడు. నా ట్రక్కులోనే వెళ్ళాం. కొమ్మ నేను వంచి పట్టుకున్నాను. పెద్దమ్మ ఆప్రాన్ జేబులోంచి తన చిన్న కత్తెర తీసి, పువ్వులూ ఎర్రటి లేత చిగుళ్ళూ కోసింది. ఎజ్రా స్థలంలో అవతల పక్క రెండు చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. ఆకులు రాలకుండా గోధుమరంగులో అలాగే వేలాడుతున్నాయి.

"వాటికేమైంది రా?" అంది పెద్దమ్మ.

"ఏమో ఆంటీ, ముసలివైపోయాయి. నీలాగే" అన్నాడు ఎజ్రా.

పెద్దమ్మ అతని వీపుమీద ఒక్కటిచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం. 

దండలు అందంగా వచ్చాయి. పాలపలాయి మధ్యలో పువ్వునీ చిగురునీ పెట్టి నారతో బిగించి చుట్టింది. ఆట అయిపోయింది. పెద్దమ్మ బుట్ట నింపుకుంది. అప్పుడు నోహేయా ఒక మాట అంది.

"ఆంటీ, పాలపలాయి మీ ఇంటిది. లెహువా ఎజ్రా వాళ్ళది కదా. దేనిది దానికి పంపాలేమో?"

"బాగానే ఉంది. ఒక్కదండలో చుట్టాక ఇప్పుడు వీళ్ళకి విడాకులు ఇప్పించమంటావా? ఇంటివాళ్ళు పాలపలాయి. లెహువా చుట్టం. చుట్టం కూడా మాతోనే ఉంటాడులే."

పద్ధతి తెలియని వాళ్ళయితే దండలు చెత్తబుట్టలో పారేసి చేతులు దులుపుకునేవాళ్ళు. అంత పట్టింపు లేని వాళ్ళయితే అక్కడే హాలు బయట పొదల్లో వదిలేసేవాళ్ళు. మా పెద్దమ్మ మాత్రం గంటసేపు ప్రయాణం చేసి, అలసిన కాళ్ళతో, మర్నాడు పొద్దున్నే అన్నీ తన ఏడు చెట్ల కింద పరిచింది. రెండు మంచి దండలు మాత్రం నేలమీద పెట్టబుద్ధి కాలేదావిడకి. పెద్ద ఓహియాకి చేతికందే ఎత్తులో ఉన్న చిన్న రెమ్మని ఆ కత్తెరతోనే తుంచి, మిగిలిన మొండికి తగిలించింది. తగిలించి వెనక్కి జరిగి, "ఎలా ఉంది?" అని నన్ను అడిగింది. చాలా బాగుందన్నాను.

ఏడాది తిరగకముందే ఆ పెద్ద చెట్టు మాడింది. మాడడమంటే రెండు వారాల్లో. పొద్దున్నే కాఫీ తాగుతూ పెద్దనాన్న, "ఉయీ, ఆ కొమ్మ రంగు మారినట్టుంది చూడు" అన్నాడట. వారానికి సగం చెట్టు, మరో వారానికి మొత్తం. ఆకు రాల్లేదు. గోధుమరంగులో అలాగే వేలాడింది.

వ్యవసాయ శాఖనుంచి గ్లెన్ ఒషీరో అని ఒకతను వచ్చాడు. నెమ్మదస్తుడు. లోపలికి వచ్చేముందు బూట్ల అడుగులకి స్పిరిట్ కొట్టుకున్నాడు. పెద్దమ్మ అది చూసి, "నేనైతే అడిగి వెళ్తాను, నువ్వు కడుక్కుని వెళ్తున్నావా" అంది. అతను చెక్కుడు ఉలితో బెరడు కొంచెం లేపి చూపించాడు. లోపల తెల్లగా ఉండాల్సిన చెక్కలో సిరా ఒలికినట్టు నల్లటి చారలు. బూజు జాతి రోగం, చెట్టుకి నీళ్ళు పారే దారుల్లో పెరిగి గొంతు పట్టేస్తుంది, పూనా దిగువనుంచి పైకి వస్తోంది, మందు లేదు, అని చెప్పాడు.

"దేనివల్ల వస్తుంది?"

"దెబ్బ తగిలిన చోటునుంచి లోపలికి పోతుంది ఆంటీ. కొమ్మ విరిగినా, కత్తి తగిలినా. రోగమున్న చెట్టుని కోసిన పనిముట్టుతో మంచి చెట్టుని కోసినా పోవచ్చు. ఈ మధ్య మీరు బయటినుంచి కొమ్మలు, పువ్వులు ఏమైనా తెచ్చారా?"

నేను పెద్దమ్మ చెయ్యి గిల్లాను. ఆవిడ నా చెయ్యి తోసేసి మొత్తం చెప్పింది. ఎజ్రా చెట్టు, కత్తెర, బుట్ట, తుంచిన రెమ్మ. ఏదీ దాచలేదు. చెప్పి, లోపలికెళ్ళి ఆ కత్తెర తెచ్చి అతని చేతిలో పెట్టింది. నేరం చేసినవాళ్ళు ఆయుధం అప్పగించినట్టు.

"అయితే నేనే కదా?" అంది.

అతను కత్తెర అటూ ఇటూ తిప్పాడు. "చెప్పలేం ఆంటీ. గాలికి కూడా వస్తుంది. పురుగు తొలిచిన పొట్టు ఎగిరి వస్తుంది. పక్క స్థలంలో పందులు వేళ్ళు గీకినా వస్తుంది. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు."

అతను జీపు ఎక్కబోతుంటే నేను వెంటపడ్డాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"నీ వల్ల కాదు అని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? డెబ్బై ఏళ్ళ మనిషి. మందు ఎలాగూ లేదు. ఆ ఒక్క అబద్ధమైనా ఇచ్చిపోవచ్చు కదా."

"చెప్పాలనే అనిపించింది" అన్నాడతను, నా మొహం చూడకుండా. "కానీ ఆంటీ మాట ఈ చుట్టుపక్కల ఎంతమంది వింటారో నీకు తెలుసు. దండల వల్ల ఏం కాదట అని ఆవిడ రేపు నలుగురికి చెప్తుంది. ఆ నలుగురూ తమ దండలు పట్టుకెళ్ళి తమ చెట్ల కింద పెడతారు."

 అతని జీపు తలుపు గట్టిగా వేసి వచ్చాను. అదైనా నా చేతిలో ఉంది.

ఇక్కడినుంచి ఏ ఆకూ, ఏ మొక్కా, ఏ మట్టీ బయటికి వెళ్ళకూడదు, బయటిది లోపలికి రాకూడదు అని అతను కాగితం ఇచ్చి వెళ్ళాడు. పెద్దమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. చదవలేదు. చదవక్కర్లేకుండానే అర్థమైంది ఆవిడకి.

ఆరు నెలల్లో నాలుగు చెట్లు పోయాయి. చెట్టు పోవడం ఒక బాధ. కానీ పెద్దమ్మకి అసలు భయం కిందవాటి గురించి. పైన జల్లెడ చిరిగిపోయాక ఎండ గుండిగతో కుమ్మరించినట్టు నేరుగా దిగింది. పాలపలాయి మొదట పాలిపోయింది. తరవాత అంచులు కాగితంలా మాడాయి. కొత్త ఆకు పొట్టిగా, గట్టిగా వచ్చింది. ముట్టుకుంటే ఆ మెత్తదనం లేదు. వాన మాత్రం ఎప్పటిలాగే రోజూ పడుతోంది. నీళ్ళున్నాయి, మట్టి ఉంది, రాయి ఉంది. అన్నీ ఉండి నీడ లేకపోతే అవి ఎలా అయిపోతాయో నేను కళ్ళారా చూశాను.

పెద్దమ్మ ఊరుకునే రకం కాదు. ముందు దుప్పట్లు కట్టింది. ఎండిన చెట్లకి తాళ్ళు బిగించి పెళ్ళి పందిరిలా పూల దుప్పట్లు. పూనా వానకి అవి తడిసి బరువెక్కి మర్నాటికే మొక్కలమీద కూలాయి. పెద్దనాన్న తన పడవ మీది నీలం టార్పాలిన్ ఇచ్చాడు. దాని కింద నీలంగా ఉక్కపోసి ఆకు ఉడికిపోయింది. షెడ్డులో ఒకప్పటి స్నేహితురాలు ఆర్కిడ్ తోటవాళ్ళు వాడే నల్లవల తెచ్చిచ్చింది. అది కొంచెం పనిచేసింది. నెలరోజులు పెద్దమ్మ మొహంలో కాస్త కళ వచ్చింది. తరవాత ఎండిన ఓహియా కొమ్మ ఒకటి విరిగి ఆ వలని నిలువునా చీల్చుకుంటూ పడింది. ఆ కొమ్మని ఈడ్చి అవతల పారేయడానికి కూడా వీల్లేదు. పొట్టు లేస్తే మిగిలిన మూడు చెట్లకి ప్రమాదం.

మా ఇళ్ళన్నీ గుంజల మీద లేపి కట్టినవే. కొన్ని దుబ్బులైనా ఇంటి కిందికి మారుద్దామన్నాను, ఇదంతా ఒకే స్థలం కాబట్టి కాగితం ఒప్పుకుంటుందని. పెద్దమ్మ మోకాళ్ళ మీద పాకుతూ పన్నెండు దుబ్బులు తీసుకెళ్ళి అక్కడ నాటింది. మూడు వారాలకి అవి సన్నగా సాగి, వెలుగు వచ్చే వైపుకి ఒరిగి, పడిపోయాయి.

"నీడ వేరు, చీకటి వేరు" అంది పెద్దమ్మ, నడుము పట్టుకుని లేస్తూ. "నాకు తెలిసి కూడా నీ మాట విన్నాను చూడు."

మిగిలింది ఒక్కటే దారి. అల్బీజియా. బయటినుంచి వచ్చిన చెట్టు. రెండేళ్ళలో ఇంటికప్పు దాటుతుంది, గొడుగులా పరుచుకుంటుంది, గాలివానకి ఇళ్ళమీద పడుతుంది. పెద్దమ్మ నలభై ఏళ్ళుగా దాని మొలకలు కనిపించినచోటల్లా తిట్టుకుంటూ పీకింది. ఇప్పుడు చెట్లు పోయిన ఖాళీలో అవే ముందుగా లేచాయి.

"ఒకటి ఉంచు ఉయీ. నీడకి తొందరగా అందేది అదే" అన్నాడు పెద్దనాన్న.

పెద్దమ్మ ఆయన మీద ఎంత ఎత్తున లేచిందంటే పక్కింటి కుక్క మొరిగింది. మా అమ్మమ్మ స్థలంలో దాన్ని ఉంచమంటావా, నీకు సిగ్గుందా, ఇంకా చాలా అంది. పెద్దనాన్న గాలం దారం తీసుకున్నాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి పెద్దమ్మ ఒక అల్బీజియా మొలక ముందు కూర్చుని ఉంది. చుట్టూ ఉన్నవన్నీ పీకేసింది. దాన్ని మాత్రం పట్టుకుంటుంది, వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. నన్ను చూసి లేచి వచ్చేసింది. ఆ మొలకని పీకలేదు. అప్పటికే మిగిలిన మూడు ఓహియాల్లో ఒకదాని కొస రంగు మారుతోంది.

"పెద్దమ్మా, కొమ్మ వంచింది నేను" అన్నాను ఆ రోజు. చాలా రోజులనుంచి గొంతులో ఉన్న మాట. "నువ్వొక్కదానివే కాదు."

"నేను వంచమంటే నువ్వు వంచావు. తగిలించింది నేను. పారేసి ఉంటే బతికేవి కదే. చెత్తలో పారేసి ఉంటే ఏడూ బతికేవి." ఆవిడ ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "బాగా చూసుకోవాలనుకున్నానే."

మళ్ళీ ఏప్రిల్ వచ్చేసరికి నోహేయా దండలన్నీ టీ ఆకుతో, అంటే తాగే టీ కాదు, పెరళ్ళలో పెరిగే వెడల్పాటి ఆకుతో, కట్టించింది. పెద్దమ్మని అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. కానీ పెద్దమ్మ ఊరుకోలేదు. ఒషీరోకి తనే ఫోన్ చేసింది. ఒక్క తలదండ, మెత్తటి ఆకు మాత్రమే, పుల్ల ఉండదు, స్పిరిట్లో ముంచిన కొత్త కత్తెర, ఆడి వచ్చాక మళ్ళీ అడవిలోకి రాదు అని మాటిచ్చింది. అతను ఆలోచించి సరే అన్నాడు. పద్ధతి ప్రకారం దుబ్బుకి ఒక్క ఆకు చొప్పున కోస్తే, మంచి ఆకులు ఒక్క దండకే సరిపోయాయి. దాన్ని నాకు కట్టింది. పొట్టి ఆకులు కావడంతో చుట్టడం కష్టమైంది. రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టింది.

ఆడాను. ఎలా ఆడానో నాకు గుర్తులేదు. కిందికి దిగేసరికి పెద్దమ్మ ఎప్పటిలాగే వేదిక వెనక బట్టల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. అలవాటు. అంత పెద్ద బుట్టలో నా ఒక్క దండ వేసింది.

ఇంటికొచ్చాక వెనక గుమ్మం దాకా నడిచి ఆగిపోయింది. చెప్పులు విడిచేసింది కూడా. "ఎక్కడ పెట్టనే?" అంది.

చెట్ల కింద వీల్లేదు. ఆవిడే మాటిచ్చింది. సముద్రంలో వదలొచ్చని నోహేయా అంది గానీ, ఇది ఈ రాతిమీద పుట్టింది, సముద్రంతో దీనికేం పరిచయం అంది పెద్దమ్మ. కాల్చడానికి చెయ్యి రాలేదు. చెత్త మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. బుట్ట పట్టుకుని ఇల్లంతా రెండుసార్లు తిరిగింది. చివరికి దండని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పోయేలా ముడివేసి, ఫ్రీజర్లో పెద్దనాన్న పట్టిన చేపల పక్కన పెట్టింది.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఐసు కోసం ఫ్రీజర్ తీసినప్పుడల్లా పెద్దనాన్న ఆ సంచిని రెండు చేతులతో జరిపి, పని అయ్యాక మళ్ళీ అక్కడే పెడతాడు. ఎండాకాలంలో చేపలకి చోటు చాలకపోతే చేపలే ఎవరికైనా ఇచ్చేస్తున్నాడు.

మొన్న నేను వెళ్ళినప్పుడు పెద్దమ్మ ఫ్రీజర్ తలుపు తీసి దాన్ని చూస్తూ నిలబడి ఉంది. వెనక కిటికీలోంచి అల్బీజియా కనిపిస్తోంది, నా భుజం దాటి పెరిగింది. దానికింద ఇంకా నీడ లేదు.

"పోనీలే, ఇందులో ఎండ పడదు కదా" అంది పెద్దమ్మ.

నీడ వేరు, చీకటి వేరు అని నాకు నేర్పింది ఆవిడే. అయినా, అవును పెద్దమ్మా, పడదు అన్నాను.